ఒప్పుకున్న చావులు

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, హాక్స్ నెస్ట్ దగ్గర రోడ్డు పక్కన ప్రభుత్వంవారి బోర్డు ఒకటుంది. సొరంగం తవ్వకంలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా రాతిదుమ్ము వల్ల "ఒప్పుకున్న చావులు 109" అని దాని మీద రాశారు. ఒప్పుకున్నవట! పోయినవాడు పోతే చాలదన్నమాట, పోగొట్టినవాడు సరేననాలి. అక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, విచారణలో లెక్క 476కి చేరిందని అదే బోర్డు చెబుతుంది. తర్వాత ఒక డాక్టరు కూర్చుని లెక్కేస్తే 764 తేలాయి. బేరం ఇంకా తెగినట్టు లేదు.

1930లో మొదలుపెట్టి యూనియన్ కార్బైడ్ కంపెనీవారి కరెంటు అవసరానికి గాలీ కొండను మూడు మైళ్లు తొలిచారు. నీళ్లు కొడుతూ తొలిస్తే దుమ్ము అణుగుతుంది, కానీ పని నెమ్మదిస్తుంది. కాబట్టి పొడిగానే కానిచ్చారు. తనిఖీకి వచ్చే పెద్దలకు మాస్కులుండేవి. కూలీలకెందుకు, ముక్కులున్నాయిగా.

అయినా కంపెనీకి రంగుల పట్టింపు ఉందంటే నేనొప్పుకోను. గుడిసెలు వేరు, బడులు వేరు, శ్మశానాలు వేరు అయిన ఆ రోజుల్లో సమానత్వం సాధించింది ఆ సొరంగమొక్కటే. లోపలికి దిగిన మూడువేల మందిలో నాలుగింట మూడు వంతులు నల్లవాళ్లు. షిఫ్టు దిగి బయటికొస్తే అంతా తెలుపే! జుట్టు తెలుపు, కనురెప్పలు తెలుపు, చొక్కా దులిపితే పిండిమర. లోపల తాగిన నీళ్లు కూడా పాలలా ఉండేవట. ఎవరు నల్లవాడో ఎవరు తెల్లవాడో పోల్చుకోలేకపోయేవాళ్లమని చూసినవాళ్లే చెప్పారు. ఇంతకన్నా సంఘసంస్కరణ ఏం కావాలి?

మొహం కడుక్కున్నాక మాత్రం రంగులు మళ్లీ తేలాయి. పరిహారం 30 డాలర్ల నుంచి 1,600 దాకా ఇచ్చారు, నల్లవాళ్లకు బాగా తక్కువ. దగ్గు రకం ఏమైనా తేడానా?

ఆ చుట్టుపక్కల శ్మశానాల్లో నల్లవాళ్లకు చోటు లేదు. సమ్మర్స్‌విల్‌లో ఒక పొలంలోకి తోలుకెళ్లి, పేరు చెక్కిన రాయైనా లేకుండా పూడ్చారు. 1972లో రోడ్డు వెడల్పు చేస్తూ ఆ ఎముకల్ని కూడా తవ్వి ఇంకోచోట పెట్టారు. సిగ్గుండాలి! ఎక్కడో దక్షిణాదిలో ఒక్కొక్కరి కోసం ఒక్కో ఇల్లు ఎదురుచూసింది. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడికి బతికుండగా గాలి ఇవ్వలేదు, పోయాక ఆరడుగుల నేలైనా ఉంచలేదు.

కంపెనీ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1984 డిసెంబరు, భోపాల్. మధ్యప్రదేశ్ ప్రభుత్వం లెక్క ప్రకారం చావులు 3,787. అంటే, ధ్రువీకరించినవి.