మీ కంప్యూటర్ మీది కాదు, కంగారుపడకండి

ఈ మధ్య ఎవర్ని కదిపినా ఒకటే గోల. ల్యాప్‌టాప్ తెరిస్తే అప్‌డేట్, ఫోన్ తీస్తే అప్‌డేట్, టీవీ పెడితే అక్కడా అప్‌డేటే. పోనీ మెయిల్ చూద్దామంటే ఊరూ పేరూ లేనివాడెవడో మన పేరు మీద ముప్ఫై లక్షల లోను మంజూరు చేసేసి సంతకం కోసం ఎదురుచూస్తుంటాడు. జనం ఇన్ని శాపనార్థాలు పెడుతున్నా సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్షాన, మెయిళ్లు పంపే అజ్ఞాత శ్రేయోభిలాషుల పక్షాన నోరు విప్పే నాథుడే లేడు. అందుకని నేనే వకాల్తా పుచ్చుకుంటున్నాను. వాళ్లు నన్నడిగారా అంటే అడగలేదు. వాళ్లు మాత్రం ఏది మనల్ని అడిగి పంపారు గనక.

మొట్టమొదటి అభియోగం, అప్‌డేట్ మన అనుమతి లేకుండా వస్తుందని. పచ్చి అబద్ధం. అడుగుతుంది, ఎంతో మర్యాదగా అడుగుతుంది, ఇప్పుడే చెయ్యమంటారా రాత్రికి చెయ్యమంటారా అని. వద్దనే బటన్ లేదు కదా అంటారు. మన పెళ్లి భోజనాల్లో ఉందా? విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, దాదాపు బోర్లా పడుకుని, చాలు బాబోయ్ అని మొత్తుకున్నా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసి పోయే జాతి మనది. దాన్ని మర్యాద అంటాం. అదే మర్యాద అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్ నుంచి జరిగితే దౌర్జన్యమా? పైగా ఆ రెడ్‌మండ్ కంపెనీని 2014 నుంచి నడుపుతున్నది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. ఆ కంపెనీ డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచే హైదరాబాద్‌లో ఉంది. అంటే మీ స్క్రీన్ మీద గిరగిరా తిరిగే ఆ చుక్కల వెనక గచ్చిబౌలిలో మీ పెదనాన్నగారి మనవడే కూర్చుని ఉండొచ్చు. కొసరి వడ్డించేది మనవాళ్లే అయినప్పుడు తినడానికి ఇంత మారాం దేనికి?

ఈ వడ్డనలో శిఖరం లాంటి ఘట్టం 2016లో జరిగింది. విండోస్ 10ని అంతకుముందు ఏడాది జులైలో విడుదల చేసి, ఏడాదిపాటు ఉచితమన్నారు. ఉచితమైనా కొందరు కదల్లేదు, పాత విండోస్ 7తో సుఖంగానే ఉన్నారు పాపం. అప్‌డేట్ చేసుకోండంటూ పెట్టె ఒకటి తెర మీదికి వచ్చేది. దాని మూలన ఎర్ర ఇంటూ మార్కు ఉండేది, ప్రపంచంలో ఎక్కడైనా ఇంటూ నొక్కితే నాకొద్దు పొమ్మని అర్థం. ఆ మే నెలలో మాత్రం ఇంటూ నొక్కినా అప్పటికే వాళ్లు పెట్టిన ముహూర్తం అలాగే ఉండేది, ఆ టైముకి విండోస్ 10 దిగిపోయేది. జనం గగ్గోలు పెట్టాక దాన్ని మార్చారనుకోండి. దానికి కొద్దిరోజుల ముందు అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒకావిడ టీవీలో లైవ్‌గా వాతావరణం చెబుతుంటే సరిగ్గా మ్యాపు మీదే ఆ పెట్టె ప్రత్యక్షమైంది. ఎక్కడ వాన పడుతుందో చెప్పగలిగిన మనిషికి ఇది ఎప్పుడు పడుతుందో తెలియలేదు. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఇంకొకావిడ తన కంప్యూటర్ పాడైపోయిందని కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టింది.

ఇంతగా వెంటపడి ఎక్కించిన ఆ విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేశారు. పదకొండుకి మారండి అన్నారు. సరే మారతాం బాబూ అని బుద్ధిగా ముందుకొచ్చినవాళ్లలో బోలెడుమందికి మీ కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు లేదు, మీరు పనికిరారు అని జవాబొచ్చింది. వద్దన్నవాడికి బలవంతంగా పోశారు, కావాలన్నవాడి విస్తరి ఎత్తేశారు.

రెండో అభియోగం ముహూర్తం గురించి. ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయమే. మైక్రోసాఫ్ట్ 2003 నుంచీ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతోంది. మంగళవారం! గోళ్లు తీసుకోం, క్షవరం చేయించుకోం, అప్పివ్వం, ఆ పేరు పలకడానికి కూడా జంకి జయవారం అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ తొందరపడి తిట్టకండి. అక్కడ మంగళవారం పొద్దున పదింటికి వదిలితే మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, మన నెట్ స్పీడుకి దిగేసరికి బుధవారం వచ్చేస్తుంది. దోషం కొట్టుకుపోయినట్టే. అయితే ఆ బుధవారానికీ ఒక చెడ్డపేరుంది. మంగళవారం వదిలిన అప్‌డేట్‌ని విప్పి చూసి, ఓహో కన్నం ఇక్కడుందా అని తెలుసుకుని, ఇంకా పూడ్చుకోనివాళ్ల మీద దొంగలు పడేది ఆ రోజు నుంచే.

తర్వాత, తర్వాత అని నొక్కే బద్ధకస్తుల కోసం ఒక సాక్ష్యం ప్రవేశపెడుతున్నాను. 2017 మార్చి 14, మంగళవారం, విండోస్‌లో ఒక పెద్ద కన్నానికి అతుకు వేశారు. వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. మే 12న అదే కన్నంలోంచి వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడి, ఫైళ్లన్నీ తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మనవైపు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకీ తగిలింది. దొంగలు పోలీసుల ఫైళ్లకే తాళం వేసి తాళం చెవికి బేరం పెట్టారన్నమాట. రెండు నెలలపాటు ఎన్ని స్టేషన్లలో ఎంతమంది ఆ "తర్వాత" అనే బటన్ నొక్కి ఉంటారో ఎఫ్ఐఆర్ ఎవరూ రాయలేదు.

చూశారా, అందుకే ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి అని ఇక్కడ నా వాదన ముగించి కూర్చోవచ్చు. కానీ 2024 జులై 19 శుక్రవారం అని ఒక రోజుంది, అది నా కేసుకి అంత మంచి రోజు కాదు. కంప్యూటర్లకి కాపలా కాసే క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ మన టైము ఉదయం 9:39కి ఒక చిన్న అప్‌డేట్ వదిలింది. అది అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని పడిపోయాయి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షలు. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఇందులో పంచాంగం తప్పేమీ లేదని నేను పరిశీలించి చెబుతున్నాను. శుక్రవారం రాహుకాలం పదిన్నరకిగానీ మొదలవదు. వాళ్లు తప్పు తెలుసుకుని అప్‌డేట్ వెనక్కి తీసుకున్నది మాత్రం 78 నిమిషాల తర్వాత, అంటే 10:57కి, నికరంగా రాహుకాలంలో. ఇంక ఆ పని ఫలిస్తుందా? పడిపోయిన కంప్యూటర్లకి సరిచేసిన ఫైలు అందించే దారే లేక, చాలాచోట్ల మనుషులు ఒక్కో మెషీన్ దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో పెట్టి, ఆ ఒక్క ఫైలునీ చేత్తో తీసేయాల్సొచ్చింది. అప్‌డేట్ చేసుకోనివాడు 2017లో మునిగాడు, చేసుకున్నవాడు 2024లో మునిగాడు. సమన్యాయం అంటే ఇదే.

అప్‌డేట్ పడ్డాక ఫోన్ నెమ్మదిస్తుందని ఒక అపోహ ఉంది. అది అపోహ కాదని, బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గించే ఏర్పాటు చేశామని ఆపిల్ స్వయంగా 2017 డిసెంబర్‌లో చెప్పింది కాబట్టి ఆ విషయం జోలికి నేను వెళ్లను. ఏం మార్చారో చెప్పరన్న ఫిర్యాదు మాత్రం అన్యాయం. చెబుతారు. "బగ్ ఫిక్సులు, పనితీరు మెరుగుదలలు" అని ప్రతిసారీ అవే నాలుగు ముక్కలు, సంధ్యావందనంలో మంత్రం మారుతుందా మరి. మొన్న ఒక పేమెంట్ యాప్‌లో ఆ మెరుగుదల జరిగాక కరెంటు బిల్లు బటన్ మాయమై, దాని చోట్లో బంగారం కొనమని వచ్చింది. బిల్లు కట్టడానికి వచ్చినవాడిలో బంగారం కొనగల స్థోమత చూసిన కంపెనీని నేనైతే గౌరవిస్తాను.

ఇక మెయిళ్ల సంగతి. స్పామ్ నిన్న మొన్న పుట్టిన చిల్లర వ్యవహారం కాదు, దానికో వంశవృక్షం ఉంది. 1978 మే 3న అమెరికాలో డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి, అప్పట్లో ఇంటర్నెట్‌కి పూర్వీకుడైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి తమ కొత్త మెషీన్లు చూడ్డానికి రమ్మని ఒకే మెయిల్ కొట్టాడు. ఒకటే తిట్లు. కానీ మెషీన్లు అమ్ముడయ్యాయని ఆయన తర్వాత గర్వంగా చెప్పుకున్నాడు, మన కొంప అక్కడే మునిగింది. ఆ తర్వాత 1994 ఏప్రిల్‌లో అరిజోనాకి చెందిన లాయర్ దంపతులు యూజ్‌నెట్ అనే అప్పటి చర్చావేదికలో వేలకొద్దీ గ్రూపుల్లో ఒకే ప్రకటన కుమ్మరించారు. ఏం ప్రకటనంటే, గ్రీన్ కార్డు లాటరీ! ఇంటర్నెట్ చరిత్రలో మొదటి భారీ వ్యాపార స్పామ్ గ్రీన్ కార్డు గురించేనని తెలిసినప్పుడు తెలుగువాడిగా నాకు ఒళ్లు పులకరించింది. ఆ లాటరీలో మన దేశంవాళ్లకి చోటే లేదన్నది వేరే సంగతి, అర్హత లేనివాడికి ఆశ పెట్టడమేగా ఈ విద్యకి ప్రాణం.

నిజానికి మనం వాళ్లకంటే తక్కువ తిన్నామా అంటే తినలేదు. దేవుడి పేరు మీద పోస్టుకార్డులు వచ్చేవి గుర్తుందా? ఫలానా ఊళ్లో ఒకాయన ఇది నమ్మి వెయ్యి కరపత్రాలు అచ్చేయించి పంచితే లాటరీ తగిలింది, నవ్వి చించేసినాయన గేదె చచ్చిపోయింది, మీరూ ఇంతమందికి రాయండి అని. కానీ ఆ రాసేవాడు కార్డుకి పదిహేను పైసలు జేబులోంచి పెట్టాడు, వేళ్లు నొప్పెట్టేలా రాశాడు, గేదె మీద భయం కొద్దీ రాశాడు. ఇప్పటివాడికి కార్డు ఖర్చు లేదు, చెయ్యి నొప్పి లేదు, గేదె అసలే లేదు. లక్ష మందికి పంపినా పది లక్షల మందికి పంపినా దాదాపు ఒకటే ఖర్చు, భరించేదంతా అందుకునేవాడే. 1982లో మెయిల్ నియమాలు రాసినవాళ్లు పంపేవాడి పేరు నిజమా కాదా అని చూసే ఏర్పాటు పెట్టలేదు, అప్పట్లో నెట్‌వర్క్‌లో అందరూ పెద్దమనుషులే మరి. 2004లో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ పీడ విరగడవుతుందని అభయమిచ్చాడు. ఆ రెండేళ్లు ఇంకా నడుస్తున్నాయి.

నాకు బాగా ఆప్తులు కర్టెన్ల వాళ్లు. ఎప్పుడో ఒకసారి ఆన్‌లైన్‌లో రెండు కర్టెన్లు కొన్నాను. అప్పట్నుంచీ వాళ్లకి నా మీద దిగులు. "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అంటారు, పుట్టినరోజుకి మా ఇంట్లోవాళ్ల కంటే ముందు మెయిల్ పెడతారు, సంక్రాంతికి, ఉగాదికి, చివరికి పితృ దినోత్సవానికి కూడా నా కిటికీలని తల్చుకుంటారు. పోనీ ఒక మాట మాట్లాడదామని జవాబు రాస్తే ఈ చిరునామాకి జవాబివ్వకండి అని తిరుగుటపా. వద్దు మొర్రో అని అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ముందు లాగిన్ అవ్వమంటారు, పాస్‌వర్డ్ మర్చిపోయారా అంటారు, ఎందుకు వెళ్లిపోతున్నారో కారణం చెప్పమంటారు, ఆ కారణాల్లో "నాకు ఇంకా కిటికీలు లేవు" అన్నది ఉండదు. గూగుల్, యాహూ కలిసి 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకి 5,000కి పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు పెట్టాలి, రెండు రోజుల్లో మన్నించాలి అని రూలు తెచ్చాయి. మంచిదే. కర్టెన్ల వాళ్లు బుద్ధిగా నన్ను ఆ జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు దిండు గలీబుల జాబితాలో ఉన్నాను.

ఈ మొత్తం వ్యవహారంలో నా క్లయింట్లకి నేను మనస్ఫూర్తిగా జోహారు చెప్పేది ఒక్క విషయంలోనే. మనకి చదవకుండా నొక్కడం నేర్పారు. పెట్టె వచ్చిందంటే సరే, ఒప్పుకుంటున్నాను, అనుమతిస్తున్నాను, వేలు దానంతటదే పోతుంది, ఎందుకంటే వేరేది నొక్కినా పనవదని ఇన్నేళ్లలో తెలిసిపోయింది. ఆ వేలు కోసమే ఇప్పుడు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ అని ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ దింపే ఫైలు, వస్తుంది, పీఎం కిసాన్ అని వస్తుంది, పెళ్లి శుభలేఖ అని కూడా వస్తుంది. మీ కేవైసీ వెంటనే అప్‌డేట్ చెయ్యకపోతే ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుంది అని దొంగ రాసే వాక్యం, అసలు బ్యాంకు రాసే వాక్యం పక్కపక్కన పెట్టి చూడండి, దొంగ తెలుగే కాస్త బాగుంటుంది. డబ్బు పోయాక 1930కి ఫోన్ చెయ్యమంటారు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఆ నంబర్ మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇది వ్యంగ్యం కాదు.

తెనాలిలో మా బాబాయి ఈ గొడవ పడలేక ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మెసేజ్‌లో "వెంటనే" అన్న ముక్క కనిపిస్తే ముట్టుకోడు. మొన్న కేవైసీ మెసేజ్ వస్తే ఫోన్ జేబులో పెట్టుకుని, పాస్‌బుక్, ఆధార్ జిరాక్సు సంచిలో వేసుకుని, ఎండలో బ్యాంకుకే వెళ్లాడు. అరగంట క్యూలో నిలబడ్డాక కౌంటర్‌లో అమ్మాయి కాగితాలు తిప్పి చూసి చాలా ఆప్యాయంగా చెప్పిందట.

"మీ యాప్ పాతదైపోయింది బాబాయి గారూ, అప్‌డేట్ చేసుకుంటే ఇంత దూరం రానక్కర్లేదు. ఇదిగో, మెసేజ్‌లో లింక్ పంపిస్తున్నా, వెంటనే నొక్కండి."