ఇస్సిక్ కుల్ మనదే

కిర్గిజ్‌స్థాన్‌లోని ఇస్సిక్ కుల్ సరస్సుపై తెలుగువారు తమ వారసత్వపు హక్కును ఇంతవరకు దాఖలు చేయకపోవడం క్షమించరాని అలసత్వం. కిర్గిజ్ వంటి తుర్కీ భాషల్లో ‘కోల్’ (ఆ పేరులోని ‘కుల్’ ఇదే) అంటే సరస్సు, మనకు కొలను, తమిళులకు కుళం. ఇంతకు మించి దస్తావేజులు అడిగేవారి భాషాభిమానాన్ని శంకించవలసిందే. ఆ భాషల్లోనే ‘కరా’ అంటే నలుపు, మనకేమో కారుచీకటీ కారుమబ్బూ ఉన్నాయి గనుక కారకోరం పర్వతాలు, కారకుమ్ ఎడారి కూడా ఇదే పద్దులో చేరతాయి. టర్కీలో ‘అన్నె’ అంటే తల్లి కాగా మన అన్న మగవాడు కావడం కొంచెం చిక్కే గాని, ఇద్దరూ మనకంటే పెద్దవారే కాబట్టి వ్యుత్పత్తి శాస్త్రం ఆ మాత్రం సర్దుకుపోగలదు.

భాషాశాస్త్రజ్ఞుల ధోరణి మాత్రం ఎంతటివారికైనా విసుగు పుట్టిస్తుంది. చెవికి ఒకేలా వినిపించే మాటలను కాకతాళీయమని కొట్టిపారేసి, పైకి ఒక్క పోలికైనా కనబడని సంస్కృత ‘స్వసృ’ను, పారశీక ‘ఖాహర్’ను పక్కపక్కన నిలబెట్టి, సోదరి అనే అర్థమున్న ఈ రెండూ ఒకే మూలపదపు సంతానమంటారు. అదేమని నిలదీస్తే, సంస్కృతంలోని సకారం ఇరానీ భాషల్లో తరచుగా హకారంగా కనిపిస్తుందని, సప్త–హఫ్త్, సోమ–హఓమ, సింధు–హిందు అన్నీ ఆ వరసలోవేనని లెక్క అప్పజెబుతారు. ఒక్క జత కుదిరితే చాలదట, మాట వెంట మాట అదే నియమానికి తలవంచాలట! అంత ఓపికే ఉంటే మనం వాట్సాప్‌లో పరిశోధన ఎందుకు చేస్తాం?

మనకు పూర్వోదాహరణ లేకపోలేదు. 1936లో ఇస్తాంబుల్‌లోని దోల్మాబాహ్చే ప్రాసాదంలో జరిగిన తుర్కీ భాషా మహాసభలో ‘సూర్య భాషా సిద్ధాంతం’ ఊరేగింది. ఆదిమానవుడు సూర్యుణ్ణి చూసి నోరు తెరిచి పలికిన ధ్వని తుర్కీదేనని, లోకంలోని భాషలన్నీ దాని సంతతేనని దాని సారాంశం. ఇందులోని లౌక్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. టర్కీవారి భాషలోంచి అరబ్బీ, పారశీక పదాలను ఏరిపారేసే ఉద్యమం అప్పటికే పీకల మీదికి వచ్చింది. అవన్నీ మొదట తుర్కీ మాటలేనని తేల్చేస్తే ఏరవలసిన పనే ఉండదు. 1938లో ఆ సిద్ధాంతానికి అండగా నిలిచిన టర్కీ అధ్యక్షుడు అతాతుర్క్ మరణించాక ఆ సూర్యుడూ అస్తమించాడు.

మన పద్ధతి అంతకన్నా ఘనమైనది. పారశీకం మీదుగా నిజంగానే వచ్చి శతాబ్దాలుగా మన నోళ్లలో కాపురం చేస్తున్న బజారును, దుకాణాన్ని, కాగితాన్ని పరాయివని గెంటివేయాలి; చుట్టరికం ఏదీ రుజువు కాని ‘కోల్’ను మాత్రం మేళతాళాలతో ఇంటికి తెచ్చుకోవాలి. ఈ మేరకు చేసిన తీర్మానాన్ని మంచి కాగితం మీద అచ్చు వేయించి, బజారులో దుకాణం దుకాణానికీ పంచే బాధ్యతను భాషాభిమానులు స్వీకరించగలరు.