వెన్నుపాముకు తొలి 24 గంటలు

తాటిచెట్టు మీద మోకు జారి పడిన గీత కార్మికుడైనా, బైక్ మీద నుంచి ఎగిరిపడిన కుర్రాడైనా, వెన్నుపాము నలిగిపోతే ఇంటివాళ్లు వినే మాట ఒకటే: ప్రాణానికి భయం లేదు, కాళ్లు మాత్రం రావు. ఈ మాటను మార్చే మందు ఇంతవరకూ లేదు. 1990లలో ఎంతో నమ్మకంగా వాడిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను కూడా 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలే వద్దన్నాయి. అందుకే అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో తయారైన నానో మందు మాలో ఆశ రేపుతోంది.

ఆ యూనివర్సిటీ శాస్త్రవేత్త శామ్యూల్ స్టప్ బృందం 2021 నవంబరులో 'సైన్స్' పత్రికలో ఈ ప్రయోగాన్ని ప్రచురించింది. వెన్నుపాముకు దెబ్బ తగిలిన 24 గంటలకు ఎలుకలకు ఒకే ఒక్క ఇంజక్షన్ ఇచ్చారు. సిరంజిలో ద్రవంగా ఉన్న మందు గాయంలోకి చేరగానే సన్నని పోగుల వలలా అల్లుకుంది. వాటి మందాన్ని నానోమీటర్లలోనే కొలవాలి. మన తలవెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు! ఆ పోగుల మీద రెండు సంకేతాలు ఉంటాయి. ఒకటి తెగిన నరాల తంతువులను మళ్లీ పెరగమని పురిగొల్పుతుంది. రెండోది కొత్త రక్తనాళాలు పుట్టడానికి తోడ్పడుతుంది. అసలు విశేషం కదలికలో ఉంది. కణాల మీద ఉండి సంకేతాలను అందుకునే రిసెప్టర్లు ఒకచోట నిలవవు. మందులోని అణువులు కూడా చురుగ్గా కదిలేలా చేస్తే అవి రిసెప్టర్లను బాగా అందుకున్నాయి. అవే సంకేతాలు ఉంచి కదలిక తగ్గిస్తే ఫలితమూ తగ్గింది. నాలుగు వారాల్లో ఎలుకలు నడిచాయి. పని పూర్తయ్యాక 12 వారాల్లో మందు ఒంట్లోనే కరిగిపోయింది.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు, అరుదైన జబ్బుల మందులకు ఇచ్చే 'ఆర్ఫన్ డ్రగ్' హోదా ఇచ్చింది. అది పరిశోధనకు ప్రోత్సాహమే తప్ప అమ్మకానికి అనుమతి కాదు. పైగా ప్రయోగం జరిగింది తాజా గాయం మీద. ఏళ్ల తరబడి వీల్‌చైర్‌లో ఉన్నవారికి ఇది పనిచేస్తుందని అందులో ఎక్కడా తేలలేదు. ఈ తేడా చెప్పకుండా ఆశలు పెట్టడం క్రూరత్వం. వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్స నిరూపితం కాలేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నా, పొలం అమ్మి ఆ ఇంజక్షన్లు చేయించుకున్న కుటుంబాలు ఉన్నాయి. రేపు 'నానో' పేరుతో అదే వ్యాపారం మొదలైతే ప్రభుత్వం మొదటి రోజే అడ్డుకోవాలి.

రేపు మందు వచ్చినా దెబ్బ తగిలిన మనిషి ఆస్పత్రికి ఎలా చేరుతున్నాడన్నది ముఖ్యం. చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో వేస్తే, మిగిలి ఉన్న నరాలు కూడా దారిలోనే దెబ్బతినవచ్చు. మెడ, నడుము కదలనివ్వకుండా గట్టి పలక మీద పడుకోబెట్టి తరలించడం ఊళ్లో యువకులకూ, ఆటో డ్రైవర్లకూ నేర్పాలి. జిల్లా ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ, వెన్నెముక సర్జరీ రాత్రిపూట కూడా అందాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం. తెలంగాణలో 2024లో మొదలైన 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు, అంటే చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే సామగ్రి, చెట్టెక్కే ప్రతి గీత కార్మికుడికీ చేరాలి. ఆంధ్రప్రదేశ్ గీత కార్మికులకూ అలాంటి రక్షణ కావాలి.