ఒక్క మాట తక్కువైన ఇంటి నియమానికి

మహారాజశ్రీ ఇంటి నియమం ఏడు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమమని రాయడానికి చేయి రావడం లేదు. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు పరిచిన, రెండో ప్రపంచ యుద్ధాన్ని బల్ల మీద ఆడించే యాక్సిస్ అండ్ అలైస్ అనే ఆట బోర్డును రాత్రి ఎనిమిదిన్నరకు, గెలుపోటములేవీ తేలకుండానే మడిచి పెట్టెలో పెట్టేశాము. ఆ ఆరున్నర గంటల్లో యుద్ధం మీద గడిచింది ఎంత, ఆ ఆటకు మేము సొంతంగా చేర్చుకున్న నియమమైన తమరి ఒక్క వాక్యానికి అర్థం చెప్పుకోవడంలో గడిచింది ఎంత అని లెక్క వేస్తే యుద్ధం వాటాయే తక్కువని తేలింది. బెర్లిన్, మాస్కో రెండూ భద్రంగానే ఉన్నాయి. చెడింది నా సెలవురోజూ, మా బావమరిదితో మాటలూ.

తమరి పూర్తి పాఠాన్ని ఒకసారి తమకే చదివి వినిపిస్తాను, సెలవివ్వండి. “పరిశోధనలో విఫలమైన ప్రతి పాచికకూ ఒకటి చొప్పున ఆ తర్వాత వేసే పాచికలకు కలుపుకోవాలి.” అంతే. రూల్‌బుక్ వెనక అట్ట మీద, పెన్సిల్‌తో, కుదురైన దస్తూరీలో కొలువై ఉన్నారు తమరు. ఆ దస్తూరీ నాదే కావడం వల్ల ఈ ఉత్తరాన్ని మరొకరి మీదికి తోసే వీలు కూడా లేకుండా పోయింది.

తమరు పుట్టిన సందర్భం న్యాయమైనదే. 1984లో వచ్చిన పాత బోర్డులో పరిశోధన అంటే 5 ఐపీసీలకు, అనగా ఆటలోని డబ్బుకు, ఒక పాచిక. ఆరు పడితే ఆవిష్కరణ, అంటే ఒక కొత్త టెక్నాలజీ, పడకపోతే సొమ్ము గంగపాలు. నాలుగు పాచికలు కొన్నా అవకాశం సగానికి కాస్త పైన, 51.8 శాతం దగ్గర ఆగుతుంది. పది పదాతి దళాల ఖరీదైన 30 ఐపీసీలు ధారపోసి ఆరు పాచికలు వేసినా, ఇంచుమించు మూడుసార్లకు ఒకసారి చేతికి ఏమీ రాదు. అలా వరసగా రెండు ఆటల్లో బ్రిటన్ ఖజానాను ఊడ్చిపెట్టుకున్న రోజున నేను లేచి నిలబడి ఉపన్యాసమిచ్చాను. నిజమైన యుద్ధంలో పరిశోధన మీద పెట్టిన ఖర్చు వంతు ముగియగానే ఆవిరైపోలేదని, 1942లో మొదలైన మన్‌హటన్ ప్రాజెక్టు ఏళ్ల తరబడి పేరుకున్న శ్రమతోనే 1945 జూలై 16 నాటి అణుబాంబు పరీక్షకు చేరిందని, 1942 జూలైలో జెట్ ఇంజిన్లతో ఎగిరిన జర్మన్ విమానం మెసర్‌ష్మిట్ 262 యుద్ధంలోకి దిగడానికి 1944 దాకా పట్టిందని, కాబట్టి వైఫల్యం కూడా పెట్టుబడేనని వాదించాను. అందరూ తలలూపారు. బావమరిది అందరికన్నా ఎక్కువసేపు ఊపాడు, అప్పుడే అనుమానించవలసింది.

బుద్ధిగా నడిచినంతకాలం తమరు బంగారమే. వంతుకు ఒక్క పాచిక చొప్పున వేసుకునేవాడికి పాత పద్ధతిలో ఒక ఆవిష్కరణ సగటున 30 ఐపీసీలకు దొరికితే, తమరి పాలనలో మూడు వంతులలోపే, 14 ఐపీసీలకు దొరుకుతుంది. ఆరో వంతుకు ఎంతటి దురదృష్టవంతుడికైనా దొరికి తీరుతుంది.

నిన్న బావమరిది ఆడుతున్న జర్మనీ తన మూడో వంతులో 15 ఐపీసీలతో మూడు పాచికలు కొన్నది. మూడూ విఫలం. నేను లోలోపల సంతోషించాను కూడా. నాలుగో వంతులో మళ్లీ మూడు వేస్తే 3, 5, 1 పడ్డాయి. తమరి దయవల్ల 6, 8, 4 అయ్యాయి. రెండు ఆవిష్కరణలు, అందులో ఒకటి హెవీ బాంబర్లు. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఐదో వంతులో బావమరిది మరో 15 ఐపీసీలు తీసి పక్కన పెట్టి, “పాతవి మూడు, కొత్తది ఒకటి, మొత్తం నాలుగు కలుపుకుంటున్నాను బావా” అన్నాడు. రెండు ఆవిష్కరణలు చేతికొచ్చాక పాత మూడు ఇంకా ఎక్కడివని అడిగాను. “పోతాయని ఎక్కడ రాశావు?” అన్నాడు. అట్ట తిప్పి చదివాను. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను. ఎక్కడా లేదు.

తమరు గమనించారో లేదో, నాలుగు కలిపాక ఒకటి తప్ప ఏది పడినా ఫలితమే. అంటే ఒక్కో ఆవిష్కరణ సగటున 6 ఐపీసీలకు, రెండు పదాతి దళాల ఖరీదుకు వస్తుంది. 2, 4, 6 పడ్డాయి. ఉన్న ఆరు టెక్నాలజీల్లో ఐదు జర్మనీ ఒళ్లో పడ్డాయి. పాత నియమాల ప్రకారం హెవీ బాంబరు ఒక్కొక్కటీ మూడేసి పాచికలు వేస్తుంది, నాలుగు గానీ అంతకన్నా తక్కువ గానీ పడిన ప్రతి పాచికా దెబ్బే. మూడు బాంబర్లు వచ్చి, రష్యా తరఫున ఆడుతున్న నేను సరిహద్దు ప్రాంతమైన కరేలియాలో ఆట మొదటినుంచీ పొదుపు చేసి నిలబెట్టిన పది పదాతి బొమ్మల్లో ఏడింటిని ఒక్క విడతలో ఊడ్చేశాయి.

అసలు బాధ కరేలియా కాదు. వైఫల్యాన్ని పోగుచేసుకోవడమనే ఆలోచన నా సొంతం కాదు. ఇదే ఆట 2008 నాటి వార్షికోత్సవ కూర్పులో 5 ఐపీసీలకు కొన్న పరిశోధకుడి బిళ్ల ఆవిష్కరణ జరిగేదాకా మన దగ్గరే ఉంటుంది. జరగగానే ఉన్న బిళ్లలన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ వాక్యంలో మొదటి సగం మాత్రం దించుకుని, రెండో సగాన్ని, అది అందరికీ తెలిసిన సంగతేనన్న ధీమాతో వదిలేసినవాణ్ణి నేను. ఇక మర్యాద ఎందుకు? ఇన్నాళ్లుగా అట్ట మీద పడుకుని ఉన్నావు కదా, నీలో ఒక మాట తక్కువైందని ఒక్కనాడూ నాకెందుకు తట్టనివ్వలేదు? పగలూ రాత్రీ కాకుండా, ఇంటా బయటా కాకుండా అని అన్ని షరతులు పెట్టుకున్న హిరణ్యకశిపుడి వరంలోనే గడపంత సందు మిగిలింది. ఒక్క షరతూ లేని నీలో మూడు బాంబర్లు పక్కపక్కన ఎగిరిపోయేంత సందు ఉండదా? గంటల తరబడి నీ మీద వాదించి, ఓట్లకు పెట్టి, ఓడిపోయి, “రాసి లేనిది లేదు” అన్న మాటను నా దస్తూరీ ఎదుటే విని ఊరుకున్నాను.

నీ ఇరుగుపొరుగువాళ్లేమీ పెద్దమనుషులు కారు. ఒరిగిన పాచికను మళ్లీ వేయాలనే నియమం ఆరు, ఎంత ఒరిగితే ఒరిగినట్టో చెప్పదు. 2004 నాటి కూర్పును చూసి కావలసిన టెక్నాలజీని ముందే ఎంచుకోనిచ్చిన నియమం తొమ్మిది, అందరూ హెవీ బాంబర్లనే ఎంచుకోవడంతో ఒక్క ఆటకే చెల్లిపోయింది. వంతుకు పదిహేను నిమిషాలన్న నియమం పదకొండును అమలుచేయవలసిన గడియారం ఎప్పుడూ నా వంతులోనే నడుస్తుంది.

రాత్రి అందరూ వెళ్లాక రబ్బరు తీసుకుని కూర్చున్నాను. నిన్ను చెరిపేసి పాత పద్ధతికే పోదామని నిశ్చయించుకుని, చివరిసారిగా ఎందుకైనా మంచిదని ఆరు పాచికలు తీసి బల్ల మీద వేశాను. 2, 2, 5, 1, 3, 5. లేని 30 ఐపీసీలు పోయినందుకే నా గుండె కలుక్కుమంది. రబ్బరు పక్కన పెట్టి పెన్సిల్ చెక్కుకున్నాను. “ఆ తర్వాత వేసే పాచికలకు” అన్నదాని పైన ఒక గుర్తు పెట్టి, “ఫలించేవరకు” అని సన్నగా ఇరికించి రాశాను. కాస్త ఇరుకుగా ఉంటుంది, సర్దుకో.

ఇట్లు,
నీ దస్తూరీ గలవాడు

తా.క.: సవరణను ఫొటో తీసి బావమరిదికి పంపాను. “ఎవరికి ఫలించేవరకు బావా? జర్మనీకి ఫలిస్తే జపాన్ కూడబెట్టుకున్నవి కూడా పోతాయా?” అని జవాబు వచ్చింది.