నాయకుడి బొమ్మ జారిపోకుండా

అనంతపురం గడియార స్తంభం చుట్టుపక్కల ఫ్లెక్సీ కట్టడానికి ఇక జానెడు జాగా లేదు. కరెంటు స్తంభాలు, విగ్రహాల కంచెలు, కల్యాణ మండపాల గోడలు అన్నీ నిండిపోయాయి కనుక, కదిలే వస్తువుల మీద కూడా ప్రొజెక్టరుతో నాయకుల బొమ్మలు వేయవలసిన చారిత్రక అవసరం ఏర్పడిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇందుకు కావలసిన సరంజామా చవకగానే దొరుకుతుంది. 2006లో వచ్చిన నింటెండో వీ ఆటపెట్టె రిమోట్‌లో చిన్న పరారుణ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పట్టే) కెమెరా ఉంటుంది; అది ఒకేసారి 4 వెలుగు చుక్కలను, సెకనుకు 100 సార్లు గుర్తుపడుతుంది. చదునైన పలక ఎటు తిరిగినా, ఎంత వాలినా, దాని నాలుగు మూలలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు, బొమ్మను దానికి తగ్గట్టు మలచి వేయవచ్చు. జానీ లీ అనే అమెరికా పరిశోధకుడు 2008లో ఈ రిమోట్‌తోనే గొడుగు మీదా, విసనకర్ర మీదా బొమ్మ నిలిపి చూపించాడు. అలాంటప్పుడు పల్లెవెలుగు బస్సు పక్కరేకుకు నాలుగు మూలలా పరారుణ బల్బులు బిగిస్తే, బస్సు గుంతలో పడి లేచినా నాయకుడి చిరునవ్వు చెక్కుచెదరదు. గుంత పూడ్చడం కంటే ఇదే చవక.

చిక్కల్లా ఆలస్యంతోనే. కెమెరా చూసి, కంప్యూటరు లెక్కగట్టి, ప్రొజెక్టరు బొమ్మ వేసేసరికి సెకనులో పదో వంతు గడిచిందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఈలోగా మీటరు దూరం జరిగిపోతుంది, నాయకుడి మీసం పోయి వెనక కిటికీలోని అవ్వ మూతికి అంటుకుంటుంది. (అవ్వకు అభ్యంతరం లేదని కార్యకర్తలే చెప్పేశారు.) టోక్యో విశ్వవిద్యాలయంలో తయారైన, సెకనుకు 1000 ఫ్రేములు వేసే ప్రొజెక్టరుకు ఆలస్యం 3 మిల్లీసెకన్లే, అంటే మీసం 3 సెంటీమీటర్లే జారుతుంది, కానీ అది చవక సరుకు కాదు. పైగా ఎండలోని పరారుణ కిరణాలు రిమోట్ కెమెరాను తికమకపెడతాయి కనుక పథకం పొద్దుగూకాకే నడుస్తుంది. పట్టపగలు జనానికి కనిపించకపోవడం నాయకులకు అలవాటే.

కొండల మీది గాలిమరలకు ఈ బెడద తక్కువ. రెక్క ఒకే తీరుగా తిరుగుతుంది కాబట్టి మరుక్షణం ఎక్కడుంటుందో ముందే లెక్కగట్టి ఆలస్యాన్ని పూడ్చుకోవచ్చు. పార్టీలు మారేవారికి ఈ ముందస్తు లెక్క వర్తించదు. అయితే రెక్కను నమ్మకంగా అంటిపెట్టుకున్న బొమ్మ చుట్టుకొకసారి తలకిందులవుతుంది. రెక్క కిందివైపు ఉండే సగం చుట్టులో ప్రతిపక్ష నాయకుడి బొమ్మ వేయాలని అనుచరుల్లో ఒక వర్గం, అసలు గాలిమరనే ఆపేయాలని ఇంకో వర్గం పట్టుబడుతున్నాయి. టెండర్లు మాత్రం రెండు పనులకూ పిలిచారు.