సవరణ: ప్రదర్శనలో పాత ఇంజిన్ కొనేవారికి

మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరిలో ఆమ్‌హర్స్ట్ రైల్వే సొసైటీ నడిపే మోడల్ రైళ్ల ప్రదర్శన గురించి ముందు రాసిన దాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది చిన్నదే. మోడల్ రైళ్ల సైజుల గురించి ‘హెచ్‌ఓ, ఓఓ ఒకటే, ఏదైనా కొనొచ్చు’ అన్నాం. పట్టాల మధ్య దూరం రెండింటికీ 16.5 మి.మీ. కాబట్టి ఒకే పట్టాల మీద నడుస్తాయి. కానీ హెచ్‌ఓ 1:87 (అంటే అసలు రైలులో 87వ వంతు), బ్రిటిష్ ఓఓ 1:76. పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండోది డబ్బు పోయే తప్పు. పాత అథర్న్ బ్లూ బాక్స్ (అథర్న్ కంపెనీ నీలి పెట్టెల్లో అమ్మిన) ఇంజిన్‌కు డీసీసీ డీకోడర్ (పట్టా గుండా వచ్చే డిజిటల్ ఆదేశాలతో మోటారును నడిపే చిన్న సర్క్యూట్) ‘వైర్లు కలిపేస్తే చాలు’ అని రాశాం. చాలదు. వీటిలో మోటారు అడుగున ఉండే రాగి క్లిప్పు నేరుగా లోహపు ఛాసిస్‌ను (ఇంజిన్ అడుగు చట్రాన్ని) తాకుతుంది. ఛాసిస్‌లో పట్టా కరెంటు ఉంటుంది. క్లిప్పును అలాగే వదిలేసి డీకోడర్ బిగిస్తే డీకోడర్ కాలిపోతుంది.

మోటారు ఊడదీసి, కింది క్లిప్పుకు డీకోడర్ గ్రే వైరు, పై క్లిప్పుకు ఆరెంజ్ వైరు టంకం వేయండి. క్లిప్పుకు, ఛాసిస్‌కు మధ్య కాప్టన్ టేపు (వేడి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) వేయండి. డీకోడర్ ఎరుపు, నలుపు వైర్లు పట్టా కరెంటుకి. మోటారు బిగించాక, కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్‌లో మల్టీమీటర్ ఒక మొన ఛాసిస్‌కు, రెండోది ఒక్కో క్లిప్పుకు ఆనించి చూడండి. బీప్ వస్తే టేపు ఎక్కడో చిరిగినట్టే. అలాంటప్పుడు ఇంజిన్‌ను పట్టా మీద పెట్టకండి.

ప్రదర్శనలో బల్ల దగ్గరే పరీక్షించాలంటే 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైరు ముక్కలు చాలు. డీకోడర్ పెట్టని ఇంజిన్‌కే సుమా.