ఆటల పీరియడ్ తిరిగి ఇవ్వండి

క్రైస్తవ పాఠశాలలు పిల్లల బుద్ధితో పాటు శరీరాన్ని, ఆత్మను, నలుగురితో మెలిగే తీరును కూడా పెంచాలన్న ఒక వ్యాసం చదివాను, దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బాలుడైన యేసు జ్ఞానంలోనూ, వయస్సులోనూ, దేవుని దయలోనూ, మనుషుల దయలోనూ వర్ధిల్లాడని లూకా సువార్త రెండో అధ్యాయం చివర ఉంది. మన బడుల టైంటేబుల్లో మాత్రం మొదటిది ఒక్కటే మిగిలింది, అదీ మార్కుల రూపంలో.

గోదావరి డెల్టాలో ఇలా ఉండేది కాదు. కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషనరీలు, రాజమహేంద్రవరం, భీమవరం వైపు లూథరన్ మిషనరీలు బడులు, హాస్టళ్లు, ఆస్పత్రులు కలిపి నడిపారు. దళిత కుటుంబాల్లో మొదటి తరం ఉపాధ్యాయులు, నర్సులు ఎందరో అక్కడి నుంచే వచ్చారు. అది పెద్ద వారసత్వం.

ఇప్పుడు మా వైపు ఒక బడిలో ఆటస్థలంలోనే అదనపు గదులు కట్టేశారు. పదో తరగతికి ఆటలు లేవు. బడి పక్కనే పంట కాలువ, పిల్లల్లో చాలామందికి ఈత రాదు! డెల్టాలో ఈత ప్రాణం నిలిపే చదువు.

ఆత్మీయ శిక్షణ గురించి వ్యాసకర్త మరో మాట రాయాల్సింది. ఈ బడుల్లో హిందూ, ముస్లిం పిల్లలూ ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. దీన్ని అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులకు వివరించాలి.

బడులు నడిపే కరస్పాండెంట్లకు, పాస్టర్లకు నా విన్నపం: జూన్‌లో బడి తెరిచేటప్పుడు ఆటల పీరియడ్‌ను పదో తరగతికి కూడా వేయండి.